“వాళ్ల ఇంట్లో చదువు వాతావరణం లేదండీ”

(వాడ మాటలు – 17)

ఈ మాట మీలో చాలామంది విని ఉంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో మీ అమ్మానాన్నలు విని ఉంటారు, ఏం చెప్పాలో తెలీక తలూపి ఉంటారు. నేనైతే స్టాఫ్‌రూముల్లో ఏళ్ల తరబడి వింటున్నా. ఒక పిల్లాడు ఇంటర్నల్స్‌లో తప్పుతాడు. ఒక పిల్ల సెమినార్‌లో నోరు విప్పదు. హాజరు పట్టీలో ఇంటిపేరు చూస్తారు, స్కాలర్‌షిప్ కాలమ్ చూస్తారు, టీ కప్పు కింద పెట్టి అంటారు: “ఏం చేస్తామండీ, వాళ్ల ఇంట్లో వాతావరణం లేదు.” తిట్టయితే తిరిగి తిట్టొచ్చు. ఇది జాలి. జాలికి జవాబు చెప్పడం కష్టం, అందుకే ఈ పోస్టు ఇన్ని వారాలు వాయిదా పడింది.

వాతావరణం అంటే ఏంటండీ అని ఒకసారి అడిగా. పాపం, ఓపిగ్గా చెప్పారు. ఇంట్లో పుస్తకాల అర ఉండాలి. భోజనాల దగ్గర లోకం సంగతులు మాట్లాడుకోవాలి. టీవీలో సీరియళ్లు కట్టేసి జ్ఞానం వచ్చేవి పెట్టాలి. ఎండాకాలం సెలవులకి హంపీ, అజంతా, కనీసం గోల్కొండ అయినా తీసుకెళ్లాలి. ఇవన్నీ చదువేనని నేనూ ఒప్పుకుంటా. ఆ ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు నా క్లాసులో కూర్చునేసరికి సగం పాఠం కళ్లారా చూసేసి ఉంటారు. ప్రబంధయుగం అనగానే వాళ్లకి హంపీ రాతి రథం గుర్తొస్తుంది, దాని ముందు నిలబడి దిగిన ఫొటో గుర్తొస్తుంది. మన పిల్లలకి పది మార్కుల ప్రశ్న గుర్తొస్తుంది. ఆ తేడాని కప్పిపుచ్చి మనకి లాభం లేదు.

కాకపోతే ఆ తేడాకి వాళ్లు పెట్టిన పేరుతోనే నా పేచీ. మన ఇళ్లలో ఆదివారం లేదు. కూలికి పోయే ఇంట్లో ఆదివారానికి వేరే రంగుండదు. ఐదుగురు మనుషులు బస్సెక్కి, బయట తిని, తిరిగొచ్చే డబ్బుల్లేవు. (మా ఇంట్లో ఇప్పుడున్నాయి. నేను లెక్చరర్ని, మా ఆయన ఆర్టీసీ కండక్టరు. మా చిన్నప్పుడు లేవు.) ఇవి రెండూ అందరికీ తెలిసినవే. ఇంకొకటుంది, అది జీతం పెరిగినా తీరేది కాదు. మనం వెళ్లి చూసే రాయి పక్కన బోర్డులో, మనం చూసే టీవీ తెర మీద, మన బతుకుకి సంబంధించిన మనిషి కనపడడు. కనపడనప్పుడు పక్కన నిలబడ్డ పిల్లలకి ఏం చెప్పాలి? నేను రాయాలనుకున్నది దీని గురించే.

ముందు మా ఇంటి వాతావరణం చెప్తా.

మా తాత, అంటే మా నాన్న వాళ్ల నాన్న, లంద నడిపినవాడు. మెట్ట పొలాల్లో మోటలతో నీళ్లు తోడే రోజుల్లో ఊళ్లో బావులన్నిటికీ తోలు బానలు కుట్టింది ఆయనే. పచ్చి చర్మాన్ని సున్నం నీళ్లలో ఎన్నాళ్లు నానబెట్టాలి, వెంట్రుక ఎప్పుడు ఊడొస్తుంది, తంగేడు చెక్క ఎంత దంచి ఎన్నిసార్లు మార్చాలి, తోలు ‘అయింది’ అని వేలితో నొక్కి ఎట్లా తెలుసుకోవాలి, ఇవన్నీ మా నాన్నకి పదేళ్ల వయసుకే తెలుసు. బడికి పోయింది మూడో తరగతి దాకా. పాలిటెక్నిక్‌లో దీన్నే లెదర్ టెక్నాలజీ అని మూడేళ్లు చెప్తారు, చివర్లో డిప్లొమా ఇస్తారు. మా నాన్నకి ఇచ్చింది వేరే పేరు. అందుకని ‘వాతావరణం’ అనే మాట వింటే నాకు మొట్టమొదట లంద వాసన గుర్తొస్తుంది. ఆ వాసన వల్లే వాడని ఊరికి ఆ చివరన పెట్టారని చెప్పుకునేవాళ్లు. ఊరి బావిలో మునిగి లేచే బాన మాత్రం ఆ వాసనలోంచి పుట్టిందే.

ఇక టీవీ. తొంభైల్లో మాకు టీవీ అంటే ఊళ్లో ఒక ఇంటి కిటికీ. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, బయట నిలబడి ఊచల మధ్య నుంచి చూసేవాళ్లం. నాకెప్పుడూ కుడివైపు ఊచే దొరికేది, సగం తెర కనపడేది. చాలా సినిమాల్లో ఎడమవైపు నిలబడ్డవాళ్లు ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. జనం ఎక్కువైతే గాలాడటం లేదని కిటికీ వేసేసేవాళ్లు. తర్వాత మా నాన్న సెకండ్‌హ్యాండ్‌లో ఒక టీవీ కొన్నాడు. పొద్దున్నే లేచి ఈటీవీలో ‘అన్నదాత’ చూసేవాడు, ఒక్కరోజు తప్పేవాడు కాదు. గజం భూమి లేదు ఆయనకి! మిరపకి ఏ తెగులొచ్చిందో, పత్తికి ఏ పురుగు పట్టిందో, ఏ మందు ఎంత నీళ్లలో కలపాలో కంఠతా వచ్చు. తను కూలికెళ్లే రైతుకి చెప్తే ఆయన నవ్వేవాడు. నవ్వి, మర్నాడు అదే మందు తెచ్చేవాడు.

ఇంట్లో చదువు వాతావరణం లేదనే మాట నాకెందుకు మింగుడుపడదో అర్థమైంది కదా. మా నాన్న నేర్చుకున్నది వాడుకోడానికి ఆయనకి చోటు లేకపోయింది. మేం పోగొట్టుకున్నది అది.

ఇప్పుడు మా ఇంట్లో టీవీ పెద్దదే. మా అమ్మాయి ఆరో తరగతి, బాబు మూడు. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆమె సీరియళ్లు ఆమెవి, వాటి జోలికి ఎవరం పోం. అయితే రాత్రి భోజనాల దగ్గర అరగంట నా చేతికొస్తుంది. పోయిన ఏడాది ఆ అరగంటల్లో ‘సంవిధాన్’ చూశాం. శ్యామ్ బెనగల్ తీసింది, 2014లో రాజ్యసభ టీవీలో వచ్చింది, మొత్తం పది భాగాలు, యూట్యూబ్‌లో దొరుకుతుంది. హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో సగంమందికి రెండూ రావు. నేను ఆపి ఆపి తెలుగులో చెప్పేదాన్ని. మొదటి రోజు అంబేద్కర్ తెర మీదకి రాగానే మావాడు ఎగిరి గంతేశాడు: “అమ్మా, అల వైకుంఠపురములో తాత!” నిజమే, సచిన్ ఖేడేకర్. ఆ ఒక్క గంతుతో మావాడు పది భాగాలూ చూశాడు. నేను ఎంత పాఠం చెప్పినా అంత జరిగేది కాదు.

ఒక రోజు మా అమ్మాయి రిమోట్ నొక్కి ఆపింది. “అంతా మగవాళ్లేనా?” సభలో పదిహేనుమంది ఆడవాళ్లున్నారని చెప్పా. “మనవాళ్లు?” ఒక్కరు, దాక్షాయణీ వేలాయుధన్. కొచ్చిన్ పులయ కులంలో 1912లో పుట్టింది. సభలోకి వచ్చేనాటికి ముప్పై నాలుగేళ్లు. మా అమ్మ అంతదాకా తమలపాకు మడుచుకుంటూ ఉంది. “ఆ పిల్లకి అంత మందిలో మాట్టాడటానికి బయ్యం వెయ్యలేదా?” అంది. దానికి జవాబుగా నేను ఆమె ప్రసంగాల గురించి చెప్పడం మొదలుపెట్టా. మా అమ్మ వినలేదు. “బయ్యం వేసే ఉంటదిలే, అయినా మాట్టాడింది” అని తనే తీర్మానం చేసుకుంది. ఇట్లా ఆపే పని ఉంటేనే నాకు టీవీ మీద నమ్మకం. ఆపకుండా చూస్తే పురాణమైనా చరిత్రయినా ఒకటే, కళ్లముందు నుంచి జారిపోతుంది.

సాగర్ సంగతికొద్దాం. గుంటూరు, పల్నాడు, నల్గొండ వాళ్లకి గేట్లెత్తారంటే పండగే. మేమూ వెళ్లాం, జనంలో జనంగా. ఇరవై ఆరు గేట్లు మావాడు రెండుసార్లు లెక్కపెట్టాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడని మా అమ్మాయి పుస్తకంలో ఉంది, గట్టిగా చెప్పింది. మా అమ్మ ఆ నీళ్లని కాసేపు చూసింది. ఆమె చూపు డ్యాం మీద లేదు, కాలువ వైపు ఉంది.

“మా అమ్మ ఇక్కడ పన్జేసింది” అంది.

ఆ మాట నాకే తెలీదు. కుడి కాలువ తవ్వకంలో మా అమ్మమ్మ మట్టి మోసింది. మా అమ్మని చంటిబిడ్డగా గట్టు మీద చెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టేదట. మట్టిపని లెక్క ఎట్లా ఉండేదో మా అమ్మ పిల్లలకి చేతులతో గీసి చూపించింది. గుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒక చిన్న దిబ్బని తవ్వకుండా వదిలేస్తారు. సాయంత్రం మేస్త్రీ వచ్చి ఆ దిబ్బ ఎత్తు కొలుస్తాడు. ఎంత లోతు తవ్వారో దానికదే సాక్ష్యం. కూలి దాన్నిబట్టే. “ఆ దిబ్బ మీద గడ్డి కూడా పీకనిచ్చేవాళ్లు కాదు మా వాళ్లు, పీకితే ఎత్తు తగ్గద్దని” అంది. మా అమ్మాయి వెంటనే అడిగింది, “మరి ఇప్పుడా దిబ్బలేవి అమ్మమ్మా?”

“కొలిచినాక తవ్వేస్తారు గదే.”

నేను పీహెచ్‌డీ చేసినన్నేళ్లూ మౌఖిక చరిత్ర అని, ఆధారాలని ఎన్ని సెమినార్లకి తిరిగానో. సాక్ష్యం ఎట్లా పుడుతుందో, ఎట్లా మాయమవుతుందో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. సాగర్ ప్రధాన డ్యాం రాతి కట్టడం. రాయి కొట్టి, మోసి, పేర్చి కట్టిన గోడ. పన్నెండేళ్లు పట్టింది, 1967లో కాలువలకి నీళ్లొదిలారు. నెహ్రూ పేరు అందరికీ తెలుసు. ఎడమ కాలువకి లాల్‌బహదూర్ పేరు, కుడి కాలువకి జవహర్ పేరు. ఇంకో సంగతి కూడా అక్కడే నాకు తట్టింది. ఆ కాలువ నీళ్లొచ్చి, వెనకాలే కరెంటు మోటార్లొచ్చి మా ప్రాంతంలో మోట బావులు పడావు పడ్డాయి, మా తాత తోలు బానల పని పోయింది. ఒకవైపు అమ్మమ్మ తవ్విన కాలువ, ఇంకోవైపు తాత చేతిలో పని. ఇది ఏ పుస్తకంలోనూ మా ఇంటి కథగా ఉండదు. సాగర్ వెళ్లకపోతే మాకూ తెలిసేది కాదు.

అందుకే అంటున్నా, బిడ్డల్ని తిప్పేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి. ఎండ, మోకాళ్ల నొప్పులు, బస్సులో వాంతులు, అన్నీ ఉంటాయి. అయినా తీసుకెళ్లండి. బోర్డు చదవడానికి మీరు చాలు, బోర్డులో లేనిది వాళ్ల దగ్గరుంది.

ఆ డ్యాం కిందే విజయపురి మునిగింది. ఇక్ష్వాకుల రాజధాని, మూడో నాలుగో శతాబ్దాల నాటిది. ముంపుకి ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వారు, కొన్ని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీదకీ అనుపుకీ చేర్చి మళ్లీ కట్టారు. ఇప్పుడు కొండ దీవి అయింది, లాంచీలో వెళ్లాలి. అక్కడ పిల్లలు నేర్చుకున్నది ఒక ఆకారం. చైత్యగృహం ముందు భాగం నలుచదరంగా ఉంటుంది, వెనక భాగం గుండ్రంగా తిరుగుతుంది. గజపృష్ఠం అంటారు, ఏనుగు వీపులాగా. మావాడు దాని చుట్టూ పరిగెత్తి పరిగెత్తి ఆ గుండ్రాన్ని కాళ్లతో నేర్చుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత నకరికల్లు దగ్గర చేజర్ల వెళ్లాం. కపోతేశ్వరాలయం. శిబి చక్రవర్తి పావురం కథ అక్కడిదేనని స్థలపురాణం, మా అమ్మకి ఆ కథ వచ్చు, దారంతా చెప్పింది. గుడి వెనక్కి వెళ్లిన మా అమ్మాయి తిరిగొచ్చి నా చెయ్యి లాగింది. “దీనికి వెనక మూలల్లేవు. ఏనుగు వీపు!” ఆ ఆకారాన్ని చూసే చాలామంది పండితులు అది ఒకప్పటి బౌద్ధ చైత్యమని చెప్తారు. అదే చెప్పా.

“అట్లా అని రాసుందా?”

“రాసి కాదు, కట్టిన తీరు చూసి చెప్తున్నారు.”

“అయితే అనుమానమా, నిజమా?”

“బలమైన అనుమానం” అన్నా. ఆ మాట మా ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు ఫ్రిజ్‌లో జున్ను తగ్గితే కూడా మా ఇంట్లో బలమైన అనుమానమే.

నవ్వుకుంటే నవ్వుకోండి, ఈ భాగంలో నాకు ముఖ్యమైనది ఇదే. మన వాట్సాప్ గ్రూపుల్లో రోజుకో పోస్టర్ తిరుగుతుంది. దేశంలో ప్రతి గుడీ ఒకప్పుడు బౌద్ధారామమే అని, ఫలానా దేవుడు బుద్ధుడే అని, ఫలానా రాజు మనోడే అని. కొన్నిటికి ఆధారం ఉంది, చాలావాటికి లేదు. మన పిల్లలు వాటిని బడిలో అంటారు. టీచర్ “ఎక్కడుంది చూపించు” అంటుంది. చూపించలేరు. ఆ తర్వాత ఆధారం ఉన్నది చెప్పినా నమ్మరు. నష్టం ఎవరికి? ఇప్పుడు కొందరు మిత్రులకి కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి, పదిహేడు భాగాల నుంచి చదువుతున్నారు, ఇదొక్కటి భరించండి.

అమరావతి చెప్తా, నా మాట స్పష్టమవుతుంది.

గుంటూరు నుంచి బస్సులో గంటకి కాస్త అటూ ఇటూ. మహాచైత్యం ఇప్పుడొక గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాతి పలకలు, గడ్డి. పిల్లలకి మొదట నిరాశే. “ఇంతేనా?” అన్నాడు మావాడు. ఆ ‘ఇంతేనా’ దగ్గరే కథ మొదలుపెట్టాలి. ఊళ్లోవాళ్లు దీన్ని దీపాలదిన్నె అనేవాళ్లు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించేటప్పుడు ఈ దిన్నెని తవ్వించి ఇటుకలూ రాళ్లూ వాడాడు. ఆ కబురు విని కోలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. తర్వాత పలకలు కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి, కొన్ని లండన్‌కి పోయాయి. మన దగ్గర మిగిలింది ఈ దిబ్బా, పక్కన మ్యూజియంలో కొన్నీ.

తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లందరికీ అమరావతి అంటే ‘నాగబు’. శాసనంలో దొరికిన తొలి తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించినది. ప్రతి ఏడూ పిల్లలు నాకు పరీక్షలో రాసిస్తారు. అదే అమరావతిలో ఇంకో శాసనముంది. ప్రాకృతం, బ్రాహ్మీ లిపి. దాని సారాంశం ఇది: ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, చమ్మకారుడు విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, చుట్టాలూ స్నేహితులతో కలిసి ఇచ్చిన పూర్ణఘటం పలక. చమ్మకారుడంటే తోలు పనిచేసేవాడు. మా డిగ్రీ పిల్లల్లో నాగబు తెలిసినవాళ్లు చేతులెత్తమంటే అరవై చేతులు లేస్తాయి. విధికుడు అంటే ఒక్కటీ లేవదు.

ఈ పేరు మా పిల్లలకి ఆ దిబ్బ పక్కన కూర్చుని చెప్పా. మావాడికి మొదట పట్టింది ఒకటే: “తాత నాగుడు, మనవడు నాగుడు! నాకు తాత పేరు పెట్టినట్టు!” అవును, మా మామగారి పేరే వాడికి పెట్టాం. శాసనాల పుస్తకాల్లో ఆ ఒక్క వాక్యాన్ని నేను ఎన్నోసార్లు చదివి ఉంటా, అందులో ఒక ఇల్లు ఉందని వాడు చెప్పాక కనపడింది. మా అమ్మాయి ఇంకో దగ్గర ఆగింది. “వాళ్ల నాన్న టీచరు, ఆయన చెప్పులు కుట్టేవాడా?” ఉపాధ్యాయుడి కొడుకు తోలు పనివాడు. రెండు మాటలూ ఒకే రాయి మీద, సిగ్గు లేకుండా, అందరూ ప్రదక్షిణ చేసే చోట చెక్కించుకున్నాడు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజముద్ర తెచ్చుకుంది. అమరావతి శిల్పం ఆధారంగా, ధర్మచక్రం మధ్యలో పూర్ణఘటం. విధికుడు ఇచ్చిన పలక మీది కుండ లాంటి కుండే అది. ఇంటికొచ్చాక మా అమ్మాయి బీరువాలోంచి తన కులధ్రువీకరణ పత్రం తీసింది. పైన రాజముద్ర. మధ్యలో కుండ. కింద తన పేరు, కులం. నేనేమీ మాట్లాడలేదు, ఆ పిల్ల పైనా కిందా మార్చి మార్చి చూస్తూ ఉంది.

ఈ సంగతి విన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మంచి కార్యకర్త, నాకంటే జైళ్లు ఎక్కువ చూసినవాడు. “అక్కా, విధికుడు మాదిగోడే అని రాసెయ్ అక్కా. డాక్టరేట్ ఉంది, నువ్వు రాస్తే కొట్టేసేదెవరు?” ఆ పిల్లాడి ఆశ నాకు అర్థమవుతుంది. కానీ రాయను. రాయకపోవడానికి కారణం భయం కాదు, బాబాసాహెబే. 1948లో వచ్చిన ‘అస్పృశ్యులు’ గ్రంథంలో ఆయన అంటరానితనం ఎప్పుడు పుట్టిందని వెతుక్కుంటూ వెళ్లి, సుమారు క్రీ.శ. 400 దగ్గర ఆగాడు. విధికుడు అంతకు ముందువాడు. అతన్ని అంటరానివాడని రాస్తే మనం బాబాసాహెబ్ వాదాన్నే కొట్టేసినట్టు. అంటరానితనం సృష్టి ఆదినుంచీ ఉందని చెప్పే అవతలి వాళ్లకి తాళం చెవి ఇచ్చినట్టు. మాదిగ అనే పేరు, ఆ పేరు చుట్టూ కట్టిన గోడ తర్వాతి కాలం సంగతి. రాయి చెప్పేది ఇంతవరకే: ఒక తోలు పనివాడు తన పేరు, తన పని, తన ఇంటిల్లిపాదినీ గౌరవంగా రాయించుకోగలిగిన రోజు ఈ నేల మీద ఒకటుంది. ఇంతకంటే పెద్ద మాట నాకు అక్కర్లేదు కూడా. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ శాసనం ఫొటో ఉంటే పంపు అక్కా” అన్నాడు.

అదే వారం స్టాఫ్‌రూమ్‌లో ఇంకో గొంతు. “రాళ్లలో కూడా కులం వెతుకుతారా మేడమ్?” వెతకలేదు సార్, ఆయనే తన పని రాసుకున్నాడు, నేను చదివా. మీరు రాజు పేరు చదివితే చరిత్ర, నేను చమ్మకారుడి పేరు చదివితే కులమా?

సాహిత్యం చెప్పుకునేదాన్ని కదా, ఒక పక్కమాట. మన చరిత్ర యాత్రలన్నిటికీ మొదటి మ్యాప్ గీసింది జాషువా. ‘గబ్బిలం’లో తంజావూరు అరుంధతీసుతుడు కాశీకి కబురు పంపుతాడు. తను గుళ్లోకి పోలేడు, గబ్బిలం పోగలదు. దాని దారి పొడవునా తెలుగు నేల చరిత్రంతా చూపిస్తాడు, కోటలు, గుళ్లు, ఏళ్లు. 1941లో, వినుకొండలో పుట్టిన కవి. తను అడుగు పెట్టలేని చోట్ల చరిత్ర అంతా తెలిసిన మనిషిని నాయకుడిగా పెట్టాడు చూడండి. ఆ ఇంట్లో వాతావరణం లేదని ఎవరైనా అనగలరా? పిల్లలకి ఆ పద్యాలు కష్టమే. మేం వాల్ మ్యాప్ మీద వేలితో గబ్బిలాన్ని ఎగరేస్తూ ఆడతాం.

ఇక విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం దగ్గరకి మీరంతా వెళ్లే ఉంటారు. 2024 జనవరిలో ఆవిష్కరించారు. పీఠం 81 అడుగులు, మొత్తం 206. మా అమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది. నేను ఆపలేదు, నేను పెట్టలేదు. మావాడు కూడిక చేశాడు. ముగ్గురం మూడు రకాలుగా చూసొచ్చాం.

ఖర్చుల సంగతి చాలామంది అడిగారు. పురావస్తు శాఖ కట్టడాలకి పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. వాళ్ల సైట్ మ్యూజియంలకి శుక్రవారం సెలవు, వెళ్లి తలుపు చూసి తిరిగి రాకండి. అన్నం మూట కట్టుకెళ్లండి, మా అమ్మ గోంగూర పులిహోర కడుతుంది. కెమెరా కంటే నోట్‌బుక్ నయం. బోర్డు మీద ఉన్న పేర్లు ఒక పేజీలో, లేనివి ఎదురు పేజీలో రాయమనండి. పేరు తెలీకపోతే పని రాయమనండి: రాయి కొట్టినవాళ్లు, మట్టి మోసినవాళ్లు, ఇటుక కాల్చినవాళ్లు. మా అమ్మాయి నోట్‌బుక్‌లో ఎదురు పేజీ ఎప్పుడూ ముందే నిండుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో నలుగుతున్నది వేరే ఊరు. చుండూరు. పోయిన ఆగస్టు 6న నేను సభకి బయల్దేరుతుంటే మా అమ్మాయి తనూ వస్తానంది. 1991లో అక్కడ ఎనిమిదిమందిని చంపి గోతాల్లో కట్టి కాలువలో పడేశారని పదకొండేళ్ల పిల్లకి చెప్పాలా? మా ఆయన ఇప్పుడే వద్దంటాడు. “దానికి రాత్రిళ్లు నిద్ర పట్టనక్కర్లేదా” అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది. మా అమ్మ మాత్రం, “మనం చెప్పకపోతే బళ్లో ఎవురో ఒకరు తిట్టి చెప్తారు, అప్పుడు తెలిస్తే మంచిదా?” అంటుంది. నాది ఇంకోటి. చుండూరంటే చావు ఒక్కటే కాదు. విచారణ కోర్టుని తమ ఊళ్లోకే రప్పించుకున్నారు వాళ్లు. 2007లో 21 మందికి యావజ్జీవం పడేదాకా నిలబడ్డారు. 2014లో హైకోర్టు కొట్టేసినా మళ్లీ పైకోర్టు మెట్లెక్కారు. కాబట్టి ముందు ఆ కోర్టు గురించి చెప్పాలని నా ఆలోచన. హత్యల సంగతి అడిగితే అడిగినంత.

చివరికి ఆ పిల్లనే అడిగాం. ఎదురు పేజీ తెరిచి పెన్ను పట్టుకుంది. “ఎనిమిదిమంది పేర్లు నీకు తెలుసా అమ్మా? ముందు అవి చెప్పు” అంది. చెప్పా, ఒక్కొక్కటే. తప్పుల్లేకుండా రాసుకుంది. ఈ ఆగస్టుకి మేం ఐదుగురం వెళ్తున్నాం. మా ఆయన సెలవు పెట్టాడు.

తర్వాతి భాగం కారంపూడి, కన్నమదాసు, చాపకూడు గురించి. అది శాసనం కాదు, కథ. కథని సాక్ష్యంగా ఎంతవరకు నమ్మొచ్చో అక్కడ మాట్లాడుకుందాం.

జై భీమ్.